కొండవాళ్ళకు పచ్చదీపం

ఆదివారం

ఆవలి కట్ట మీద ఉంటున్న కొండవారికి మండంగి సుక్కయ్య రాసుకునేది. నా రాత బాగుండదు. కొండ మీద బడి ఉన్న రోజుల్లో ఐదో తరగతి దాకా చదివాను, అంతే. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి. ఉప్పునీళ్ళలో నాని వేళ్ళు వంకరపోయాయి, అక్షరాలూ అలాగే వస్తున్నాయి. ఏమీ అనుకోకండి. మెల్లగా కూడబలుక్కుని చదవండి.

నాకు మనుషులతో మాట్లాడటం చేతకాదు. రాస్తే నా ముఖం ఎవరికీ కనపడదు కదా. ఉప్పు పడవ వచ్చేదాకా ఏ రోజు సంగతి ఆ రోజు రాసి, అంతా కలిపి పంపుతాను.

నేను నాచు పందిళ్ళు చూసుకుంటాను. తెల్లారగానే తాళ్ళు లాగి, ముదిరిన నాచు కోసి, గట్టు మీద ఆరబెడతాను. మీకూ ఇదే తిండి అయివుంటుంది. కట్ట బియ్యం, నాచు పచ్చడి, ఉప్పుచేప. చోడి అంబలి రుచి నాకింకా గుర్తుంది. నా పిల్లలు దాన్ని ఎరగరు.

నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది పారమ్మ, చిన్నది కాసులు. ఇద్దరి మనువులూ నిలబడలేదు. ఇద్దరూ నా దగ్గరే ఉన్నారు. పారమ్మ చక్రం తొక్కుతుంది. కట్ట లోపలికి ఊరిన సముద్రపు నీళ్ళను తోడి బయట పోసే చక్రం అది. ఎండపలకలను ఉప్పు తినేసింది. మిగిలిన కాస్త కరెంటు మంచినీళ్ళకూ మందుల గదికీ సరిపోతుంది. చక్రానికి కాళ్ళే దిక్కు. అందులోనూ కొండవాళ్ళ కాళ్ళు.

ఈమధ్య చక్రం దిగి వచ్చాక పారమ్మ దవడ పట్టుకుని కూర్చుంటోంది. పన్నా అంటే కాదంది. వీపు మధ్య బరువుగా ఉందట. మెట్లెక్కి గుమ్మంలోకి వచ్చేసరికి మాట రావడం లేదు. మా జనం పెద్ద తవిటయ్య కొడుకూ పోయిన వర్షాలకు ముందు ఇలాగే దవడ పట్టుకున్నాడు. తరవాత చక్రం మీదే పోయాడు.

మీ దగ్గర కూడా ఇలా ఉందా? అది అడగడానికే మొదలుపెట్టాను.

సోమవారం

పారమ్మను మందుల గదికి తీసుకుపోయాను. అక్కడ పలక ఉంది. అరచెయ్యి ఆనిస్తే నెత్తురు పోటు, చక్కెర, కొవ్వు అన్నీ చూస్తుంది. అన్నిటికంటే ముందు ఒక మాట అడుగుతుంది. "మీరు ఏ జనం?" కొండ అనాలి, లేదా తీరం అనాలి. ఆ తరవాత దీపం వెలుగుతుంది. ఎరుపు వస్తే మందులు ఇస్తారు, పని తగ్గిస్తారు, పడవ మీద వైద్యపు ఓడకు పంపుతారు. పచ్చ వస్తే ఇంటికి.

పారమ్మ "కొండ" అంది. పచ్చ వెలిగింది.

మా వెనకే నా బావమరిది దానయ్య వచ్చాడు. పోయిన నా భార్యకు తమ్ముడు, తీరం మనిషి. చెయ్యి ఆనించి "తీరం" అన్నాడు. ఎరుపు. మాత్రల పొట్లం బయటికి వచ్చింది. వాడికి ఇది మామూలే.

"సూసినావా బావా," అన్నాడు. "మేం గుడ్డుపెంకులం. మీరు కొండరాళ్ళు. మరి పెంకులేమో మిగిలిపోతన్నాయి, రాళ్ళేమో పగిలిపోతన్నాయి. ఇదెక్కడి ఇడ్డూరం?"

"నోరు ముయ్యి మావా," అంది పారమ్మ, దవడ పట్టుకునే నవ్వుతూ. "పొద్దుకో మాత్ర మింగి పడుకునీవోడివి నీకేటి."

వైద్యమ్మ విశాల వాడి లెక్కలూ పారమ్మ లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసింది. నన్ను పక్కకు పిలిచింది.

"తాతా, పారమ్మ నెత్తురు పోటు మీ బావమరిది కంటే ఎక్కువగా ఉంది. చక్కెర కూడా. ఇవే లెక్కలు తీరంవాళ్ళకు వస్తే పలక ఎరుపు చూపించేది."

"మరి దీనికి పచ్చ ఎందుకమ్మా?"

ఆమె విసుక్కోకుండా చెప్పింది. కట్ట కట్టిన కొత్తల్లో అందరినీ కొలిచి ఒక పట్టిక రాశారట. అప్పుడు మనం కొండ దిగి వచ్చినవాళ్ళం. చోళ్ళు, దుంపలు తినేవాళ్ళం, రోజంతా ఎక్కి దిగేవాళ్ళం, ఒంట్లో ఉప్పు లేదు. వందమందిని చూసినా చెడిన గుండె దొరకడం కష్టమట. తీరంవాళ్ళలో అప్పటికే చాలామందికి ఉంది. ఆ పట్టిక అప్పటికి నిజమే. ఆ తరవాత వాళ్ళు ఏళ్ళ తరబడి మాత్రలు మింగారు, నీడపట్టున పని చేశారు. మనం వాళ్ళ తిండే తిన్నాం, మాత్రలు మాత్రం మనకు లేవు.

"తేడా తిరగబడింది తాతా. పలకకు ఆ సంగతి తెలియదు."

"నువ్వు రాసి పంపకూడదా అమ్మా, ఓడకి?"

"రాశాను. దీపం ఎర్రగా లేనిదే పడవ ఎక్కించుకోరు. కొండవాళ్ళందరినీ మళ్ళీ కొలిస్తే కొత్త పట్టిక రాస్తారు. కానీ మీ జనానికి పెద్దయిన తవిటయ్య వేలిముద్ర వెయ్యాలి. ఒకప్పుడు అడక్కుండా కొలిచారని మీవాళ్ళే గొడవపడ్డారు. అందుకే ఆ నియమం పెట్టారు."

ఆ గొడవ నాకు తెలుసు. మనుషుల్ని పశువుల్లా కొలవొద్దన్నారు మా పెద్దలు. సబబుగానే అన్నారు.

గురువారం

కొండవాళ్ళ కూటమి పై అరుగు మీద జరిగింది. కట్టకు రెండు అరుగులు. పై అరుగు ఇళ్ళు పొడిగా ఉంటాయి. చక్రానికి ఒక జత కాళ్ళు, అంటే తొక్కే మనిషిని, ఇచ్చిన ఇంటికే పై అరుగు. కింది అరుగులో పోటు రోజున మంచాల కిందికి నీళ్ళు వస్తాయి.

నేను లేచి నిలబడ్డాను. చెప్పాలనుకున్నవన్నీ పోయి ఒక్క మాటే వచ్చింది.

"మనల్ని మల్లీ కొలమందాం. గుండెలు బాగోనేవు."

తవిటయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఎవరి గుండెలురా సుక్కీ బాగోనివి?"

"మనయే. మీ వోడు కూడా..."

"మా వోడు జొరమొచ్చి పోనాడు." ఆయన గొంతు మెత్తగానే ఉంది. "నా కొడుకు గుండె నేక సచ్చిపోనాడని నాసేత సెప్పించకు. సరే, నువ్వన్నట్టే కొలిసినారనుకో. అందరికీ ఎరుపొచ్చీసింది. అప్పుడు చక్రం ఎవుడు తొక్కుతాడు? తొక్కకపోతే పై అరుగు మీద మనల్ని ఎవుడుంచుతాడు? ముసిలోల్లనీ పసోల్లనీ తీసికెల్లి నీల్లల్లో పడుకోబెట్టమంతావేటి?"

వెనక నుంచి ఎవరో ఆడమనిషి, "పచ్చదీపం మన మరియాదరా. దాన్నొగ్గీసి బతుకుతామేటి," అంది. చేతులెత్తమన్నారు. నాది, పారమ్మది, కాసులుది. అంతే.

ఇంటికి వస్తూ కాసులు నా చెయ్యి పట్టుకుంది. "తొమ్మిది మాటలు మాటాడేవయ్యా ఇయ్యేల. అమ్మ ఉంటే మూర్ఛపోయేది," అంది.

శనివారం

దానయ్య వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు.

"బావా, పలక ఏటడుగుతాది? ఏ జనమని కదా. పారమ్మ మా అప్ప కడుపున పుట్టింది. తీరం అన్నాదంటే అబద్ధం ఎలాగవుతాది? సగం తీరమే కదా."

మనలో తండ్రి జనమే పిల్లల జనం. తల్లి జనం చెప్పుకోవడం వినలేదు. నేను పారమ్మ వైపు చూశాను.

"అనను," అంది. "నాను మండంగోల్ల పిల్లని. రేపు సస్తే గుమ్మం ముందు నా రాయి ఎవుడు పాతుతాడు?"

"సావకుండా ఉండమనే కదేటి సెప్తన్నాను, మొద్దుమొకమా," అన్నాడు దానయ్య.

"మనింటి కాల్లు ఎవులిత్తారు మరి? నాను తీరమైపోతే."

"నానున్నాను కదా," అంది కాసులు. నాచు ఏరుతోంది, తల కూడా ఎత్తలేదు. "నీకన్నా బాగా తొక్కుతాను. నువ్వు తొక్కితే చక్రం ఏడుస్తాది."

పారమ్మ నా ముఖంలోకి చూసింది. నేను దండం పెట్టాను. కన్నకూతురికి దండం పెట్టాను. "అయ్యా, అలా సెయ్యకు," అని ఏడ్చి ఒప్పుకుంది.

ఆదివారం

పారమ్మ చెయ్యి ఆనించి "తీరం" అంది.

ఎరుపు.

అదే చెయ్యి, అదే నెత్తురు. పోయిన సోమవారానికీ ఈ రోజుకీ ఒక్క మాటే తేడా. విశాలమ్మ ఏమీ అడగలేదు, గబగబా కాగితం రాసింది. మధ్యాహ్నపు పడవలో పంపేశారు. దానయ్య గట్టు మీద గెంతులు వేశాడు. పారమ్మ మా వైపు చూడకుండా కూర్చుంది.

సాయంత్రం చక్రం జట్టువాళ్ళు వచ్చి కాసులు పాదాలకు నూనె రాసి తీసుకుపోయారు. చక్రం ఎక్కించే ముందు మా ఆచారం అది. ఒక్కరూ పారమ్మ పేరు ఎత్తలేదు.

మంగళవారం

నాచు పందిరి ఒకటి తెగింది. నేను లేనప్పుడు తెగింది. తాళ్ళు ముడి వేస్తూ పైకి చూస్తే చక్రం కనపడుతుంది. కాసులు చివరి మెట్టు మీద ఉంటుంది. పాట పాడుతూ తొక్కుతారు. కొండ మీద పోడు కొట్టేటప్పుడు పాడేవాళ్ళం, అదే పద్ధతి. పాట అయిపోయేదాకా ఎవరూ దిగకూడదు. దిగితే ఆ వంశం పాట తెంపింది అంటారు.

మధ్యాహ్నం నేను కాసులుకు అన్నం పట్టుకెళ్ళినప్పుడు, "పలక మీద సెయ్యెట్టి సూసుకోవే," అన్నాను.

"నాకేటయ్యిందని?"

"నీకూ అక్కకీ ఒకటే నెత్తురు."

నా పోరు పడలేక వచ్చింది. "కొండ" అంది. పచ్చ. "అదిగో, పచ్చ!" అని నవ్వి వెళ్ళిపోయింది. విశాలమ్మ నవ్వలేదు. లెక్కలు అక్కవాటికంటే హెచ్చుగా ఉన్నాయట. నేను చక్రం దగ్గరికి పరుగెత్తి ఆ మాట చెప్పాను.

"నువ్వు కూడా తీరమనీయే అమ్మా. మనం కిందికి ఎల్లిపోదాం."

"ఇద్దరం తీరమైపోతే మండంగోల్లు ఎవులు మిగిలినట్టు? నువ్వొక్కడివే? నీకు కూత కూడా రాదు," అంది. "అక్క రానీ అయ్యా. అప్పుడు సూద్దాం."

శుక్రవారం

కాసులు లేదు.

ఆదివారం

రాస్తాను. రాయకపోతే మీకెలా తెలుస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం పోటు ఎక్కువగా ఉంది. పాట పొడుగ్గా సాగింది. నేను కింద నాచు తిరగేస్తున్నాను. కాసులు దవడకు చెయ్యి వేసుకోవడం చూశాను. దిగవే, దిగిపోవే అని అరిచాను. నా గొంతు చిన్నది. పాటలో అది వినపడిందో లేదో తెలియదు. ఆమె నా వైపు చూసి, ఇంకొంచెమే అన్నట్టు వేళ్ళు చూపించింది. పాట ముగిసింది. అందరూ దిగారు. కాసులు దిగలేదు. అడ్డకర్ర మీద తల వాల్చి ఉంది. అలసిపోయిందనుకున్నారు.

విశాలమ్మ పరుగున వచ్చింది. ఛాతీ మీద నొక్కీ నొక్కీ తనే పడిపోయింది.

పాట తెంపలేదని జట్టువాళ్ళు మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూ ఏడ్చారు. ఇంటి ముందు రాయి పాతాం. దానయ్య రాయి పట్టుకోబోతే, తీరంవాడు ముట్టుకోకూడదని ఎవరో అన్నారు. మేనమామ వాడు. దూరంగా నిలబడి, "నానే సంపీసేను బావా, నా తెలివితేటలే సంపీసేయి," అని నెత్తి కొట్టుకున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళి పక్కన నిలబడ్డాను.

బుధవారం

పారమ్మ వచ్చింది. ఓడలో గుండె నరంలోకి సన్నటి జల్లెడగొట్టం దింపి తెరిచారట. చక్రం తొక్కొద్దని చెప్పి పంపారట. రంగు వచ్చింది. మెట్లెక్కినా మాట్లాడగలుగుతోంది. గట్టు మీద దిగి అందరి ముఖాలూ చూసి, "సెల్లేది?" అంది.

ఇంటికి నడిచాం. ఇంటి ముందు రాయి చూసుకుంది.

శనివారం

తవిటయ్య పెద్ద వచ్చాడు. రాయి ముందు నీళ్ళు పోసి గుమ్మంలో కూర్చున్నాడు. ఆయన ఇంకో మాట చెప్పాలి, అది ఆయన నోట రావడం లేదు. ఇంటి కాళ్ళు తప్పాయి. ఈ పున్నమికి ఒక జత ఇవ్వాలి. నేను తొక్కుతానంటే జట్టు ఒప్పుకోదు. ముసలి అడుగు పాటకు అందదు.

"కిందికి దిగిపోతాం పెద్దా. ఇల్లు తీసుకో," అన్నాను.

"ఆగయ్యా," అంది పారమ్మ. "మనం దిగిపోతే ఈ ఒంతు ఎవులు తొక్కాల? పక్కింటి పిల్ల తొక్కాల. నా ఒంతు నా సెల్లి తొక్కింది. ఇంకోల్ల సెల్లి తొక్కడం నాను సూడనేను. నానే ఎక్కుతాను."

"ఓడోల్లు ఒద్దన్నారు కదే!" అన్నాను.

"పలకతో కొండ అంతాను. పచ్చొచ్చీత్తాది."

నాకు ఏం పట్టిందో. జన్మలో ఎవరి మీదా అరవనివాణ్ణి, తవిటయ్య కాళ్ళ దగ్గర కూర్చుని అరిచాను. "పెద్దా, నీ కొడుకు జొరంతో పోనేదు. నా కూతురు అలిసిపోయి పోనేదు. ఈ చక్రం దీన్ని కూడా తీసుకెల్లిపోతాది. ఏలిముద్ర ఎయ్యి!"

ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"తెలుసురా," అన్నాడు. "వోడి దవడ నానే తోమేను, ఉప్పు కాపడం ఎట్టి." తరవాత మెల్లగా చెప్పాడు. "మన కట్ట మీదోల్లకే ఇలాగయ్యిందని తేలితే, ఈల్లే పాడైపోనారని మనల్నే కిందికి తోసీత్తారు. కొండోల్లందరికీ, ఏ కట్ట మీదున్నోల్లకైనా ఇలాగే అవుతంతే అది కాలం తెచ్చిన పాడు. మన తప్పు కాదు. అప్పుడు చక్రానికి ఇంకో దారి ఆల్లే సూడాల. ఆవలి కట్టోల్ల నుంచి ఒక్క కబురు తెప్పించు. ఆ రోజే ఏలిముద్ర ఏత్తాను."

సోమవారం

నిన్న పారమ్మ మందుల గదికి వెళ్ళింది. విశాలమ్మ చెయ్యి పట్టుకుని వద్దని బతిమాలింది. పారమ్మ చెయ్యి విడిపించుకుని పలక మీద ఆనించింది. "కొండ" అంది. పచ్చ వెలిగింది. సాయంత్రం జట్టువాళ్ళు వచ్చి పాదాలకు నూనె రాశారు.

పచ్చ వచ్చాక పారమ్మకు మాత్రలు ఆగిపోయాయి. దానయ్య తన మాత్రల్లో సగం తెచ్చి అన్నంలో కలపమన్నాడు. విశాలమ్మను అడిగాను. ఈ రోగానికి ఇద్దరి మాత్రలూ ఒకటి కావట, వాడికీ సగం చాలవట. తిరిగి ఇచ్చేశాను. వాడు వాటిని చేతిలో పట్టుకుని వెళ్ళలేక నిలబడ్డాడు.

ఈ రోజు ఉదయం పారమ్మ చక్రం ఎక్కింది. నేను నాచు దగ్గరికి పోలేదు. పోటు తగ్గితే ఉప్పు పడవ బయలుదేరుతుంది. పడవ పక్కనే కూర్చుని ఇది ముగిస్తున్నాను.

మీలో కూడా దవడ పట్టుకుని పోయినవాళ్ళు ఉంటే వాళ్ళ పేర్లు రాయండి. మర్యాద అనుకుని దాచుకోకండి, మేమూ అలాగే దాచుకున్నాం. ఎవరూ పోలేదంటే ఆ మాటే రాయండి, అప్పుడు నేనింకేం చెయ్యాలో ఆలోచించుకోవాలి. చదువు వచ్చినవాళ్ళు లేకపోతే పడవవాడికి నోటితో చెప్పి పంపినా చాలు, తవిటయ్య నమ్ముతానన్నాడు. పడవ మీ గట్టున ఒక్క పోటు సేపే ఆగుతుంది. అది తిరిగి బయలుదేరేలోగా జవాబు ఇచ్చెయ్యండి. బేగి ఇవ్వండి. నాకు ఇంకో కూతురు లేదు.